ఎర్ర పట్టీ పడ్డ నంబరు

దెయ్యాల్ని నేను నమ్మను. గొప్ప కోసం చెప్పే మాట కాదిది. మా చిన్నప్పుడు రైల్వే క్వార్టర్ల వరసలో చివరి ఇల్లు ఖాళీగా ఉండేది. అందులో ఎవరో ఉరేసుకున్నారని పిల్లలు అటు పోయేవాళ్ళు కాదు. పదో తరగతి పరీక్షలకి నేను ఆ ఇంటి వరండాలోనే కూర్చుని చదువుకున్నాను. చల్లగా ఉండేది, పైగా వచ్చి విసిగించేవాళ్ళు ఉండరు.

ఇప్పటికీ నమ్మను. దిష్టి తీయడాలు, తాయెత్తుల విషయంలో మా అమ్మకీ నాకూ రోజూ యుద్ధమే. కాబట్టి ఇది చదివి "అయితే మీరూ ఒప్పుకున్నారన్నమాట" అని ఎవరూ అనొద్దు. నేనేమీ ఒప్పుకోలేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. పేర్లు మాత్రం మార్చాను.

మా తాతయ్య టెక్కలి దగ్గర ఒక పల్లె నుంచి గ్యాంగ్‌మన్‌గా వచ్చి రాయపూర్‌లో ఉండిపోయాడు. నాన్నదీ రైల్వేనే. మా తెలుగు విని శ్రీకాకుళం చుట్టాలు నవ్వుతారు, మా హిందీ విని ఇక్కడివాళ్ళు నవ్వుతారు. నాకు రైల్వేలో ఉద్యోగం రాలేదు. పోలీసుకీ ఫైరుకీ కలిపి ఒకటే నంబరు ఉంటుంది కదా, ఆ కంట్రోల్ రూమ్‌లో కాంట్రాక్టు మీద చేరాను.

పని చెప్పుకోవడానికి తేలికే. చెవికి హెడ్‌సెట్, ముందు కంప్యూటర్. ఫోన్ రాగానే మూడు ప్రశ్నలు: ఏం జరిగింది, ఎక్కడ, లోపల మనుషులెవరైనా ఉన్నారా. జవాబులు కొడుతూనే దగ్గర్లో ఏ బండి ఖాళీగా ఉందో చూసి పంపాలి. ఫోన్ మధ్యలో తెగిపోతే మళ్ళీ మూడుసార్లు మనమే చెయ్యాలి.

వచ్చే ఫోన్లలో సగం ఉత్తుత్తివే. తాగినవాళ్ళు, ఆడపిల్ల గొంతు వినాలని చేసేవాళ్ళు, అమ్మ ఫోన్‌తో ఆడుకునే పిల్లలు. అందుకని మాకొక పద్ధతి ఉంది. ఒక నంబరు నుంచి మూడుసార్లు అబద్ధపు ఫోన్ వస్తే దానికి ఎర్ర పట్టీ వేస్తాం. ఆ తర్వాత ఆ నంబరు నుంచి ఎప్పుడు ఫోన్ వచ్చినా స్క్రీన్ పైన ఎర్రటి గీత వెలుగుతుంది. అప్పుడు బండి వెంటనే పంపకూడదు. ముందు ఆ ఏరియా పోలీస్ స్టేషన్‌కి చెప్పి, ఎవరైనా వెళ్ళి కళ్ళతో చూశాక పంపాలి. మూడుసార్లు అన్నది రూలు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే నేను ఒక్కసారికే వేశాను.

నాలుగైదేళ్ళ కిందటి మాట. ఎండలు అప్పుడే ముదురుతున్నాయి. మధ్యాహ్నం రెండున్నర దాటింది, నేను అన్నం తిని వచ్చి కూర్చున్నాను. మొదటి ఫోన్ అదే. మేం "నమస్తే" అని హిందీలో మొదలుపెడతాం. అవతల ఆడమనిషి హిందీ జోలికి పోకుండా నేరుగా తెలుగులో ఏడుపు మొదలుపెట్టింది.

"అమ్మా, ఉర్లాలో మంటలు అంటుకున్నాయమ్మా. నీలం గేటు ఫ్యాక్టరీ, నీళ్ళ ట్యాంకు ఎదురుగ. ఎనకాల షెడ్డు. షట్టరుకి బయట తాళం ఏసీసినారు. లోపల నలుగురున్నారు, మా ఆయన కూడా లోపలే ఉన్నాడు. అప్పుడు నమ్మనేదు మీరు, ఇప్పుడైనా నమ్మండమ్మా."

ఆ హాల్లో తెలుగు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. అంతమందిలో ఫోన్ నాకే రావడం అదృష్టం అనుకున్నాను. కంగారులో ఎవరికైనా సొంత భాషే వస్తుంది కదా. "అప్పుడు నమ్మలేదు" అంటే ఏమిటో అర్థం కాలేదు, అడిగే సమయమూ కాదు. ఉర్లా అంటే ఊరి చివర ఫ్యాక్టరీల పేట. దానికి దగ్గరగా ఉన్న ఫైర్ బండి పంపేశాను. మ్యాప్‌లో కూడా ఫోన్ ఉర్లా నుంచే వచ్చినట్టు చూపించింది. ఇంతలో లైను తెగిపోయింది. మూడుసార్లు చేశాను. మూడుసార్లూ ఫోన్ అందుబాటులో లేదనే వచ్చింది.

పావుగంటకి ఫైర్ బండి మీదున్న సాహూ గారు వైర్‌లెస్‌లోకి వచ్చాడు. ఆయన మాట కటువు, మనసు వెన్న. ఆ రోజు మాత్రం మండిపడ్డాడు. మంటా లేదు, పొగా లేదు. నీలం గేటు ఫ్యాక్టరీలో అందరూ పని చేసుకుంటున్నారు. వెనక షెడ్డుకి షట్టరు కాదు కదా, తలుపే లేదు. గోడలో పెద్ద ఖాళీ, దానికి ఒక టార్పాలిన్ పట్టా వేలాడుతోంది. అక్కడ కూర్చుని నలుగురు బీడీలు కాలుస్తున్నారట.

అదే సమయంలో తిల్దా వైపు ఒక రైస్ మిల్లులో ఊక కుప్ప అంటుకుంది. వెళ్ళాల్సిన బండి ఉర్లాలో ఉంది. ఇంకో బండి దూరం నుంచి రావాల్సి వచ్చింది. ఊక లాగబోయి మిల్లులో ఒకతని చేతులు రెండూ కాలాయి. మా షిఫ్ట్ ఇన్‌ఛార్జి దూబే గారు అందరి ముందూ నా కుర్చీ వెనక నిలబడి, "మేడమ్, మీ భాష వినగానే కరిగిపోయారా?" అన్నాడు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ అంటుంది, నిజమే. ఆ మాట పడ్డాక ఎవరి మీద చూపించాలో తెలియక ఆ నంబరు మీద చూపించాను. ఎర్ర పట్టీ వేసేశాను. కారణం అడిగిన గడిలో "మూడు అబద్ధపు ఫోన్లు" అని నేనే రాశాను. ఎవరు వెళ్ళి లెక్క చూస్తారు? ఎవరూ చూడలేదు.

పదకొండు రోజుల తర్వాత, మళ్ళీ మధ్యాహ్నమే. ఫోన్ ఎత్తేలోపే స్క్రీన్ పైన ఎర్ర గీత వెలిగింది. అవతల అదే గొంతు.

"అమ్మా, ఉర్లాలో మంటలు అంటుకున్నాయమ్మా. నీలం గేటు ఫ్యాక్టరీ, నీళ్ళ ట్యాంకు ఎదురుగ. ఎనకాల షెడ్డు. షట్టరుకి బయట తాళం ఏసీసినారు..."

మళ్ళీ మొదలెట్టింది అనుకున్నాను. దేవుడి మీద ఒట్టేసి చెప్తాను, నాకు కలిగింది భయం కాదు, ఆశ్చర్యం కూడా కాదు. చిరాకు. తిల్దా మిల్లులో కాలిన చేతులు గుర్తొచ్చాయి. దూబే గారి మాట గుర్తొచ్చింది.

"చూడమ్మా, ఇలా ఆటలాడితే పోలీసులు కేసు పెడతారు, తెలుసా?" అన్నాను, తెలుగులోనే.

"ఆటేటమ్మా! మీ కాళ్ళు పట్టుకుంటాను, మా ఆయన లోపలున్నాడు," అంది.

నేను రూలు పాటించాను. స్టేషన్‌కి ఫోన్ చేశాను. అక్కడ ఎత్తినతను ఇంకొకరికి ఇచ్చాడు. ఆ ఇంకొకరు గస్తీ బండికి చెప్పారు. ఆ బండి రోడ్డు మీద లారీల వెనక ఇరుక్కుంది. ఈలోగా మా హాల్లో పక్క టేబుల్ మీద ఫోన్ మోగింది, దాని పక్కది మోగింది. ఉర్లా, పొగ, ఉర్లా, పొగ. అప్పుడు పంపాను బండి. ఆమె ఫోన్ చేసిన నిమిషానికీ నేను బండి పంపిన నిమిషానికీ మధ్య తొమ్మిది నిమిషాలు. మా కంప్యూటర్ సెకన్లతో సహా రాసుకుంటుంది, కాబట్టి ఇందులో అటూ ఇటూ లేదు.

లోపల నలుగురున్నారు. ముగ్గుర్ని బతికించి బయటికి తెచ్చారు. నాలుగో మనిషి పేరు రమణ. వెల్డింగ్ పని చేసేవాడు, టెక్కలి దగ్గరివాడే. షట్టరు కోసేసరికి దానికి ఆనుకునే కూర్చుని ఉన్నాడట. ఒంటి మీద కాలిన మచ్చ లేదని, పొగకే పోయాడని సాహూ గారు చెప్పాడు.

ఇక్కడి దాకా అయితే ఇది నా తప్పు గురించిన కథ. అంతవరకే అయినా నాకు చాలు, రాత్రులు నిద్ర పోగొట్టుకోవడానికి. మిగతాది విచారణ మొదలయ్యాక బయటపడింది.

పోలీసులు రెండు ఫోన్ల రికార్డింగులూ అడిగారు. అవి తెలుగులో ఉన్నాయి. హిందీలో రాసివ్వడానికి ఆఫీసులో ఇంకెవరూ లేరు, నేనే కూర్చున్నాను. నా గొంతు నేను విని, నేను బెదిరించిన మాట నా చేత్తో నేనే రాశాను. దూబే గారు పక్కనే ఉన్నాడు.

నేను అడ్డుపడే దాకా రెండింటిలోనూ ఆమె మాటలు ఒకటే. ఆ ఏడుపు ఒకటే, ఊపిరి తీసుకునే చోటు కూడా ఒకటే. మొదటి ఫోన్‌లో మాత్రం చివర ఒక వాక్యం ఎక్కువుంది. అది రాసిచ్చాక దూబే గారు కాగితం పట్టుకుని చాలాసేపు చూశాడు.

"అప్పుడు నమ్మలేదు, ఇప్పుడైనా నమ్మండి అంటోంది. ఇదే మొదటి ఫోన్ కదా? అప్పుడు అంటే ఎప్పుడు?" అన్నాడు.

మేం ఆమెని నమ్మనిది ఒక్కసారే. అది రెండో ఫోన్ అప్పుడు. అంటే మొదటి ఫోన్ చేసిన మనిషికి రెండో ఫోన్ సంగతి ముందే తెలియాలి. నేనీ మాట పైకి అనలేదు. దూబే గారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పోలీసులకి వేరే అనుమానం వచ్చింది. మంట అంటుకోక ముందే ఫోన్ చేసిందంటే, అంటించింది ఈమేనా? మొగుడు పోయి వారం కాలేదు, పార్వతిని రెండుసార్లు స్టేషన్‌కి పిలిచారు. పార్వతి అంటే ఆ ఫోన్ చేసిన మనిషి, రమణ భార్య. అది విన్నాక నాకు కూర్చోబుద్ధి కాలేదు. సెలవు పెట్టి ఉర్లా వెళ్ళాను.

ఫ్యాక్టరీ గోడ వెనక కూలీల గదులు. ఉదయం పది గంటలకే రేకులు కాలిపోతున్నాయి. పార్వతికి ఇరవై నాలుగు, ఇరవై అయిదు ఏళ్ళుంటాయేమో. చంకలో ఏడాది నిండని పిల్ల. గొంతు వినగానే గుర్తుపట్టాను. ఆమె కూడా నన్ను గుర్తుపట్టింది. ఆఫీసు నుంచి వచ్చానని చెప్పి, ముందు ఒకసారి ఫోన్ చేశావా అని అడిగాను.

"అందరూ అదే అడుగుతున్నారప్పా. నాను అప్పటికి ఈ ఊరే రానేదు," అంది. మా వైపు అక్కని అప్ప అంటారు.

బియ్యం డబ్బా కింద నుంచి ఒక కార్డు తీసి చూపించింది. పిల్ల టీకాల కార్డు. మొదటి ఫోన్ వచ్చిన తేదీన వాళ్ళ ఊరి నర్సు టీకా వేసి సంతకం పెట్టింది. ఆ నర్సుకి పోలీసులు ఫోన్ చేసి అడిగారట కూడా. మధ్యాహ్నం మూడింటి దాకా పార్వతి ఆ టీకాల దగ్గరే ఉంది. ఫోన్ ఆమె దగ్గరే ఉంది. కొండ పక్క ఊరు కావడంతో సిగ్నల్ అందదట. ఇంకో రెండు రోజులకి రైలెక్కి రాయపూర్ వచ్చింది. అంతకు ముందు ఉర్లా ఎలా ఉంటుందో, ఆ గేటు నీలమో పచ్చో ఆమెకి తెలియదు. ఆ కార్డు వల్లే పోలీసులు ఆమెని వదిలేశారు.

ఇంటికి వచ్చే దారిలో సాహూ గారికి ఫోన్ చేశాను. షట్టరు సంగతి అడగాలని. మొదటిసారి వెళ్ళినప్పుడు అక్కడ తలుపే లేదన్నారు కదా, మరి షట్టరు ఎప్పుడొచ్చింది?

ఆయన చెప్పాడు. మొదటిసారి వట్టి చేతులతో తిరిగి వస్తూ, గేటు దగ్గర వాచ్‌మన్ మీద విసుక్కున్నాడట. వెనకంతా తెరిచి పెట్టారేమిటి, ఎవడైనా దూరి నిప్పు పెడితే ఎవరు జవాబు చెప్తారు అని. వాచ్‌మన్ యజమానికి చెప్పాడు. నాలుగు రోజుల్లో షట్టరు పెట్టించారు. పెట్టించాక, పనివాళ్ళు ఇనుప ముక్కలు బయటికి చేరేస్తారని పని జరిగేటప్పుడు బయట తాళం వెయ్యడం మొదలుపెట్టారు.

"నా నోటితో నేనే పెట్టించాను మేడమ్," అన్నాడు. ముప్ఫై ఏళ్ళు మంటల్లో తిరిగిన మనిషి ఫోన్‌లో ఏడ్చాడు.

ఆ రాత్రి నేను వరసగా పెట్టుకుని చూశాను. మొదటి ఫోన్ రాకపోతే సాహూ గారు అక్కడికి వెళ్ళేవాడు కాదు, షట్టరే ఉండేది కాదు. పట్టా ఎత్తుకుని నలుగురూ బయటికి వచ్చేసేవాళ్ళు. మొదటి ఫోన్ రాకపోతే నేను ఎర్ర పట్టీ వేసేదాన్ని కాదు, తొమ్మిది నిమిషాలు పోయేవి కావు. రక్షించమని వచ్చిన ఫోన్ వల్లే ఆ మనిషి చచ్చిపోయాడు. మా అమ్మ అయితే ఇది విధి అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. నాకు అలా తేలదు.

రెండ్రోజుల తర్వాత మళ్ళీ ఉర్లా వెళ్ళాను. పార్వతి సామాను సర్దుకుంటోంది, మర్నాడు రైలు. ఆమెకి చెప్పకుండా ఉండలేకపోయాను. పట్టీ వేసింది నేనే అన్నాను. మూడుసార్లని అబద్ధం రాశానన్నాను. తొమ్మిది నిమిషాల సంగతీ షట్టరు సంగతీ మొదటి ఫోన్ సంగతీ అన్నీ చెప్పాను. కొడుతుందనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది.

ఆమె పిల్లని చాప మీద పడుకోబెట్టి నా ముందు కూర్చుంది.

"ఆ ముందు ఫోన్లో గొంతు నాదేనా అప్పా?"

"నీదే."

"ఆ దినానికి ఈయన బతికే ఉన్నాడు కదా?"

"ఉన్నాడు."

లేచి, మూట విప్పి ఫోన్ బయటికి తీసింది.

"అయితే నాను ఇప్పుడు సేస్తే అక్కడికి ఎల్తాదేమో కదా. ఈపాలి ఏడవను, సరిగ్గ సెప్తాను. మంటల మాట ఎత్తను. ఆయన్ని ఆ పన్లోకి ఎల్లొద్దని సెప్పమంటాను. ఎత్తేది మీరే కదప్పా. మీరు నమ్మితే సాలు."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఫోన్ లాక్కోబోయాను కూడా. "వద్దు, చెయ్యకు. ఎప్పుడూ చెయ్యకు," అన్నాను. ఆమెకి అర్థం కాలేదు. ఎందుకొద్దంటున్నారు, మీకు అడ్డమేటి అని ఏడ్చింది. ఆ రోజు నేను నమ్మాను పార్వతీ, నమ్మే బండి పంపాను, దాని వల్లే ఇదంతా జరిగింది అని ఎలా చెప్పను? చెప్పాను, కానీ అది మాటల్లో పెడితే పిచ్చిదాని మాటలా ఉంది.

మర్నాడు ఆమె పిల్లతో రైలెక్కి వెళ్ళిపోయింది. తర్వాత ఆ నంబరు నుంచి మా ఆఫీసుకి ఫోన్ వచ్చిందేమో అని చాలా నెలలు చూశాను. ఏ రోజు లిస్టులోనూ లేదు. ఆమె చెయ్యలేదో, చేస్తే అది ఎటు పోయిందో నాకు తెలియదు. ఊరికి ఫోన్ చేసి అడిగే ధైర్యం ఇప్పటికీ లేదు.

నంబరు తప్పు పడిందని, కంప్యూటర్ తేదీలు తారుమారయ్యాయని, ఎవరో గొంతు అనుకరించారని ఒక్కొక్కరు ఒక్కోటి చెప్పారు. సాహూ గారి లాగ్‌బుక్కులో తేదీ ఉంది, తిల్దా మిల్లులో చేతులు కాలినతను ఉన్నాడు, టీకాల కార్డు ఉంది. వాళ్ళు చెప్పింది ఏదీ వీటికి సరిపోలేదు. నాకు ఇంకో జవాబు కూడా దొరకలేదు. ఎర్ర పట్టీ నేనే వేశానని దూబే గారికి రాసిచ్చి, ఆరు నెలలకి ఆ ఉద్యోగం మానేశాను.

ఫోన్ ఎత్తడమే పనిగా బతికాను అన్నేళ్ళు. ఏదైనా అయితే మళ్ళీ చెయ్యండి అని రోజుకి ఎంతమందికి చెప్పి ఉంటానో. ఫోన్ చెయ్యొద్దని నేను బతిమాలింది పార్వతి ఒక్కదాన్నే.